పొలిమేర వద్ద ఆగిపోయే పట్టాలు

పార్లమెంటు సమావేశాలు జరిగే రోజులలో ఉదయం పూట ప్రశ్నల జాబితాను తిరగవేయడం ఈ రచయితకు చాలాకాలంగా ఉన్న అలవాటు. మంత్రులు చెప్పే సమాధానాలకన్న సభ్యులు వేసే ప్రశ్నలే దేశం దేనిని కోరుకుంటున్నదో ఎక్కువగా తెలియజేస్తాయి. గత పది పదిహేనేళ్లుగా పట్టణాభివృద్ధి శాఖ వంతు వచ్చిన రోజున ఒక ప్రశ్న దాదాపు తప్పక కనబడుతున్నది. మా నగరానికి మెట్రోరైలు ఎప్పుడు? ఊరి పేరు మారుతుంది, ప్రశ్న వేసే సభ్యుని పార్టీ మారుతుంది, ప్రశ్న మాత్రం మారదు. సమాధానమూ అంతే. పట్టణ రవాణా రాష్ట్రాల బాధ్యత. ప్రతిపాదన రాష్ట్రం నుంచి రావాలి. వచ్చిన మీదట సాధ్యాసాధ్యాలనూ, నిధుల లభ్యతనూ బట్టి పరిశీలిస్తాము. ఈ మూడు ముక్కలను గుమాస్తా నిద్రలో కూడ వ్రాయగలడు. కాగా, మా ఊరి వెలుపల మిల్లులో పొద్దుటి షిఫ్టుకు అందుకోవలసిన మనిషి ఏ వాహనం ఎక్కి పోతున్నాడని ఏ సభ్యుడైనా అడగగా ఈ రచయిత వినలేదు.

అడగని ఆ ప్రశ్నకు జవాబు ఎట్లా ఉంటుందో చూడదలచినవారు గుజరాత్ లోని పల్సానాకు వెళ్లాలి.

సూరత్ నగరానికి ఆగ్నేయంగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న తాలూకా కేంద్రమది. ముంబయి నుంచి ఢిల్లీకి పోయే జాతీయ రహదారి, హజీరా రేవు నుంచి తూర్పుగా బయలుదేరే రహదారి అక్కడ కలుసుకుంటాయి. ఒకప్పుడు ఈ ప్రాంతం పేరు చెబితే చెరుకు గుర్తుకు వచ్చేది. చల్తాన్ సహకార చక్కెర ఫ్యాక్టరీ ఈ తాలూకాలోనిదే. నేడు చెరుకు తోటల నడుమ బట్టల మిల్లుల పొగగొట్టాలు లేచినవి. అద్దకం, అచ్చు, నేత, వాటికి కావలసిన ఆవిరి బాయిలర్లు, ఆ మురుగునీటిని శుద్ధిచేసే ఉమ్మడి కర్మాగారం, అన్నీ అక్కడే. సూరత్ నగరం ఇరుకై, కాలుష్య నిబంధనలు బిగుసుకుని, భూమి ధర పెరిగేకొద్దీ మిల్లులు పాండేసరా నుంచి సచిన్ కు, అక్కడినుంచి కడోదరా, పల్సానాలకు బయటికి బయటికి జరుగుతూ వచ్చినవి. మనం కట్టే సింథటిక్ చీరెలలో ఎన్నింటికి ఈ ప్రాంతంలో రంగు పడిందో లెక్క తీస్తే మన ఆడపడుచులకే ఆశ్చర్యం కలుగుతుంది.

ఈ మిల్లులలో పనిచేసేవారు చాలావరకు స్థానికులు కారు. ఒడిస్సాలోని గంజాం జిల్లావారు, ఉత్తరప్రదేశ్, బీహారులవారు, మహారాష్ట్రులు. వారితోబాటు మనవారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి, ముఖ్యంగా సిరిసిల్ల వంటి నేత పట్టణాల నుంచి పద్మశాలి కుటుంబాలు రెండు మూడు తరాలుగా సూరత్ కు వలసపోయి స్థిరపడినవి. లింబాయత్ పేటలో నడుస్తూ ఉంటే మన పట్టణంలోనే ఏదో వీధిలో ఉన్నామేమో అనిపిస్తుంది. దుకాణాల పైన తెలుగు అక్షరాలు, బతుకమ్మ నాళ్లలో వీధి కూడలిలో పూలు, మార్కండేయుని పేరిట ఉత్సవాలు. సూరత్ నగరపాలక సంస్థ ఏడు మాధ్యమాలలో పాఠశాలలు నడుపుతున్నది. వాటిలో తెలుగు ఒకటి. ఢిల్లీలో ఉండి పిల్లలకు తెలుగు నేర్పించుకోవడానికి మేము పడే పాట్లు ఎరిగినవాడిని గనుక, ఒక గుజరాతీ నగరపాలక సంస్థ తన ఖర్చుతో తెలుగు బడి నడపడం సామాన్యమైన విషయం కాదని చెప్పగలను.

లింబాయత్ లో ఒక పెద్దమనిషి ఈ రచయితను కూర్చోబెట్టి టీ ఇప్పించి, రెండు మాటలలో అసలు సంగతి చెప్పివేశాడు. "మగ్గం ఆడికి పోయింది సారూ, బడి ఈడనే ఉన్నది." ఆ తరువాత ఢిల్లీలో తిరగవేసిన నివేదికలలో ఇంత స్పష్టమైన వాక్యం ఈ రచయితకు కనబడలేదు.

ఆ మాట వెనుక ఉన్న లెక్కను విప్పి చూడాలి. మిల్లు పల్సానా వైపు పోతే కార్మికుని ఎదుట రెండు దారులుంటాయి. మిల్లు పక్కనే గది తీసుకుని, నలుగురైదుగురితో కలిసి ఉండడం ఒకటి. పన్నెండు గంటల షిఫ్టులు సామాన్యమైన చోట, పగటి షిఫ్టువాడు లేచిన చాపమీద రాత్రి షిఫ్టువాడు పడుకోవడం కొత్త విషయం కాదు. ఒంటరిగా వచ్చిన యువకునికి ఇది కష్టమైనా సాగుతుంది. కుటుంబంతో ఉన్న మన నేతగానికి సాగదు. ఇల్లు మార్చితే పిల్లల తెలుగు బడి పోతుంది. ఇంట్లో భార్య దారాలు కత్తిరించి, చీరెలకు అంచు కుట్టి, రాళ్లు అంటించి సంపాదించుకునే నాలుగు రాళ్లూ పోతాయి. ఆ పని నగరంలోని బట్టల మార్కెట్లను ఆనుకుని దొరికేది. అందుచేత రెండవ దారి పడతాడు. ఇల్లు లింబాయత్ లోనే ఉంచి రోజూ పోయివస్తాడు. షేర్ ఆటోలో ఒక అంచె, రహదారి కూడలి వద్ద దిగి ఇంకో ఆటోలో మరొక అంచె, చివర కాలినడక. పన్నెండు గంటల పనికి ముందు గంటన్నర, తరువాత గంటన్నర రోడ్డుపాలు. ఆటో ఛార్జీ రోజుకూలిలో ఎంత భాగమో, వానాకాలంలో ఎన్ని షిఫ్టులు తప్పిపోతాయో అతనికి లెక్క తెలుసు. ఆ లెక్క ఏ ప్రాజెక్టు నివేదికలోనూ చేరదు.

ఇంకొక సంగతి ఉన్నది. మిల్లు పక్క గదిలో ఉండేవాడు మిల్లు మారలేడు. గది ఇప్పించినది మేస్త్రీ, పని ఇప్పించినదీ అతడే అయినప్పుడు, కూలి రేటు నచ్చక మరొక మిల్లుకు పోదామన్నా అది నడిచిపోయే దూరంలో ఉండాలి. నగరంలో రవాణా అన్నది ప్రయాణ సౌకర్యం మాత్రమే కాదు, బేరమాడే శక్తి కూడ. ఈ విషయం మన ప్రణాళికా రచయితలకు తెలియదని అనుకోను. అయితే వారి పట్టికలలో "ప్రయాణ కాలంలో ఆదా" అనే గడి ఉన్నది, బేరమాడే శక్తికి గడి లేదు.

సూరత్ ను తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నిజానికి భారతదేశంలో ఈ విషయంలో శ్రద్ధ చూపిన నగరాలలో అది ఒకటి. 1994లో ప్లేగు వ్యాధి పేరు చెబితే దేశం గడగడలాడిన నాడు రైళ్ల నిండా జనం సూరత్ ను విడిచి పారిపోయారు. మరుసటి ఏడు కమిషనర్ గా వచ్చిన ఎస్.ఆర్. రావు ఆ నగరాన్ని ఊడ్చి, కడిగి, దేశంలోని పరిశుభ్ర నగరాల వరుసలో నిలబెట్టిన కథ పాఠకులకు జ్ఞాపకం ఉండవచ్చు. అటువంటి నగరానికి చాలాకాలం చెప్పుకోదగిన సిటీ బస్సు లేదంటే నమ్మడం కష్టం. జనం షేర్ ఆటోలమీదనే బ్రతికారు. 2014 జనవరిలో ఉధ్నా దర్వాజా నుంచి సచిన్ పారిశ్రామిక వాడ వరకు బస్సులకు ప్రత్యేక మార్గం తెరిచారు. మొదటి మార్గమే పారిశ్రామిక వాడకు వేయడం గమనించదగినది. ఆ నిర్ణయం చేసినవారెవరో గాని కార్మికుని ఎరిగినవారు. తరువాతి సంవత్సరాలలో ఆ మార్గాలు వంద కిలోమీటర్లు దాటి, దేశంలో ఇటువంటి బస్సు వ్యవస్థలలో అతి పొడవైనవాటి సరసన చేరినవి.

ఈ ప్రత్యేక బస్సు మార్గం అంటే ఏమిటో రెండు మాటలు చెప్పాలి. రోడ్డు నడుమ రెండు వరుసలను కంచెకట్టి బస్సులకే వదిలివేస్తారు. స్టేషన్ లో ముందే టిక్కెట్టు కొని, బస్సు గడప ఎత్తుకు సమానంగా ఉన్న వేదికమీదినుంచి ఎక్కుతారు. రైలులోని సుఖంలో చాలాభాగం, ఖర్చులో చాలా తక్కువభాగం. బ్రెజిల్ లోని కురితీబా నగరం 1974లో దీనిని ఆరంభించింది. దానికి రూపకర్త ఆ నగర మేయరు, వాస్తుశిల్పి జైమె లెర్నర్. కురితీబాలో బస్సుల వేగాన్ని అందరూ పొగిడారు గాని, అంతకన్న ముఖ్యమైనది అక్కడి టిక్కెట్టు పద్ధతి. ఎంత దూరం పోయినా ఒకటే ధర. దగ్గర ప్రయాణం చేసే మధ్యతరగతివాడు ఇచ్చే పైకంతో, ఊరి చివర గుడిసెలో ఉండే పేదవాని దూరప్రయాణం తేలికపడుతుంది. తరువాత చుట్టుపక్కల మునిసిపాలిటీలను కూడ ఆ వలలో కలిపారు.

మన దేశంలో ధర కిలోమీటర్లను బట్టి, వాహనాన్ని బట్టి, అది నడిపే సంస్థను బట్టి మారుతుంది. లింబాయత్ నుంచి పల్సానా పోయే మనిషికి ఆ కాస్త దూరంలో ఎందరు ప్రభువులో చూడండి. సిటీ బస్సు, ప్రత్యేక మార్గం నగరపాలక సంస్థవి. పొలిమేర దాటితే రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ. రహదారి కూడలి జాతీయ రహదారుల సంస్థది. పక్కన పోయే పట్టాలు పశ్చిమ రైల్వేవి. నగరంలో మెట్రో గుజరాత్ మెట్రోరైలు కార్పొరేషన్ ది. ఈ ఐదుగురిలో ఎవరినడిగినా తమ పని తాము చక్కగా చేస్తున్నామంటారు. అది అబద్ధమూ కాదు. ఒకటో రెండో నగర బస్సులు పొలిమేర దాటి వచ్చినంత మాత్రాన అది వ్యవస్థ కాదు. షిఫ్టు వేళకు వస్తుందన్న నమ్మకం లేని బస్సు కార్మికునికి లేనట్లే లెక్క.

మెట్రో సంగతి. కేంద్ర మంత్రివర్గం 2019 మార్చిలో ఆమోదించగా, 2021 జనవరి 18న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిన సూరత్ మెట్రో పొడవు 40.35 కిలోమీటర్లు. అంచనా వ్యయం 12,020 కోట్ల రూపాయలు. రెండు మార్గాలు. ఒకటి సర్థానా నుంచి వజ్రాల వ్యాపారంకోసం కట్టిన డ్రీం సిటీ వరకు. రెండవది భేసాన్ నుంచి సరోలీ వరకు. సరోలీ అన్నది సూరత్ నుంచి కడోదరా పోయే రోడ్డుమీద, కొత్త బట్టల మార్కెట్లు వెలసిన చోటు. మిల్లులు దానికి తూర్పున, దక్షిణాన ఉన్నవి. బట్ట అమ్మే చోటికి రైలు వస్తుంది, బట్ట తయారయ్యే చోటికి రాదు. వజ్రాల వ్యాపారి దిగే స్టేషన్ ఉన్నది, అద్దకం పనివాడు దిగే స్టేషన్ లేదు.

కిలోమీటరుకు సుమారు 300 కోట్లు. సూరత్ మొదటి దశ బస్సు మార్గానికి, సుమారు 30 కిలోమీటర్లకు, జవాహర్ లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కింద మంజూరైన అంచనా 469 కోట్లు. కిలోమీటరుకు 16 కోట్ల లోపు. ఈ రెండు అంచనాల నడుమ పది సంవత్సరాల ధరల తేడా ఉన్నమాట వాస్తవమే. రైలు మోయగల జనం కూడ ఎక్కువే. ఆ తేడాలన్నీ తీసివేసినా, ఒక కిలోమీటరు మెట్రో ఖర్చుతో పల్సానా వరకు బస్సు మార్గం వేయవచ్చునా అని ఎవరైనా కాగితం మీద లెక్క వేసి ఉండవలసింది.

వేయమని కేంద్రమే చెప్పింది కూడ. 2017 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మెట్రోరైలు విధానం ప్రకారం, మెట్రో అడిగే ప్రతి నగరం ముందుగా ప్రత్యామ్నాయాలను పోల్చిచూడాలి. బస్సు మార్గం చాలునా, ట్రాము వంటి లైట్ రైలు చాలునా, ఉన్న రైలు పట్టాలను వాడుకోవచ్చునా అని తేల్చిన తరువాతనే మెట్రో కోరాలి. అన్ని వాహనాలకు కలిపి ఒకే ఏకీకృత రవాణా సంస్థను ఏర్పాటుచేయాలి. విధానం చాలా బాగున్నది. ఆచరణలో జరుగుతున్నది వేరు. పెళ్లికూతురిని ముందే ఖాయపరచుకుని తరువాత జాతకాలు చూపించే పెళ్లివారి పద్ధతిలో, మెట్రో కావాలని ముందు ప్రకటించి, ప్రత్యామ్నాయాల పరిశీలనను కన్సల్టెంట్లకు అప్పగిస్తున్నారు. కన్సల్టెంటు జ్యోతిష్కునికన్న తెలివైనవాడు. అడిగినవాని మనసులో ఉన్న సమాధానాన్నే గణాంకాలతో తీసుకువస్తాడు.

ఇక లైట్ రైలు. పాత ట్రాముకు ఆధునిక వారసురాలు. రోడ్డుమీదనే పట్టాలు, చిన్న బోగీలు, తక్కువ ఖర్చు. గంటకు ఒక దిక్కున 15,000 మంది వరకు ప్రయాణించే మార్గాలకు తగునని చెబుతూ కేంద్రం 2019 జులైలో "మెట్రోలైట్" ప్రమాణాలు వెలువరించింది. ఆ మరుసటి ఏడు టైర్ల మీద నడిచే "మెట్రోనియో" ప్రమాణాలు వచ్చినవి. 2021 బడ్జెట్ ప్రసంగంలో వీటి ప్రస్తావన చేశారు. కాగితంమీద ఇన్ని పేర్లు పుట్టినా పట్టాలమీదికి ఎక్కినవి కనబడవు. ఢిల్లీలోనే లైట్ రైలుగా అనుకున్న రిఠాలా-నరేలా మార్గాన్ని చివరకు పూర్తి మెట్రోగా మార్చివేశారు. ఏ ముఖ్యమంత్రికైనా, ఏ పార్లమెంటు సభ్యునికైనా చిన్నరైలు అంటే తమ ఊరికి చిన్నతనం. కలకత్తాలో 1873లో గుర్రాలతో ఆరంభమైన ట్రాము సంగతి చూడండి. ప్రపంచమంతా ట్రామును వెనక్కు తెచ్చుకుంటుండగా, 2024లో రాష్ట్రప్రభుత్వం ఒక్క మైదాన్ మార్గం తప్ప మిగిలినవాటిని మూసివేయ నిశ్చయించింది.

చట్టంలో కూడ ఒక చిత్రం ఉన్నది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రైల్వేలు కేంద్ర జాబితాలో 22వ అంశం. రాష్ట్ర జాబితా 13వ అంశంలో "మునిసిపల్ ట్రాంవేలు" ఉన్నవి. పూర్తిగా మునిసిపల్ ప్రాంతంలోనే తిరిగే ట్రాము రైల్వే కిందికి రాదని 366వ అధికరణంలో నిర్వచనమే ఇచ్చారు. ఊరి బండి ఊరివారి ఇష్టమని రాజ్యాంగ నిర్మాతల భావం. మొదట కలకత్తాకోసం 1978లో, ఢిల్లీకోసం 2002లో చేసిన మెట్రో చట్టాలను 2009లో సవరించి ఇతర మహానగరాలకు వర్తింపజేశారు. ఆనాటినుంచి నగర రైలు తాళంచెవి ఢిల్లీ చేతికి వచ్చింది. తాళం ఢిల్లీలో ఉన్నా, మార్గం గీసేవారి ఊహ మాత్రం మునిసిపల్ పొలిమేర దాటలేదు. రెండు విధాలా నష్టపోయినది పొలిమేర వెలుపలివాడే.

ఆ పొలిమేర స్థిరంగా ఉన్నదా అంటే అదీ లేదు. సూరత్ నగరపాలక సంస్థ విస్తీర్ణం 2006లో 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు, 2020లో 460 దాటి పెరిగింది. సచిన్, కన్సాడ్ అప్పుడే నగరంలో కలిసినవి. మిల్లులు ముందు పోతాయి, జనం వాటివెంట పోతారు, పదిహేనేళ్లకు మునిసిపాలిటీ చేరుకుంటుంది, దానివెనుక బస్సు వస్తుంది. అప్పటికి మిల్లు మరో పది కిలోమీటర్లు ముందుకు పోయి ఉంటుంది.

ఈ దుస్థితికి విరుగుడు 74వ రాజ్యాంగ సవరణలోనే ఉన్నది. పది లక్షలు మించిన జనాభాగల మహానగర ప్రాంతానికి ప్రణాళికా సంఘం ఉండాలనీ, అందులో మూడింట రెండువంతుల సభ్యులు ఆ ప్రాంతపు మునిసిపాలిటీల సభ్యులూ, పంచాయతీల అధ్యక్షులూ తమలోనుంచి ఎన్నుకున్నవారై ఉండాలనీ 243-జెడ్ఇ అధికరణం చెబుతున్నది. 1993 జూన్ 1 నుంచి అది అమలులో ఉన్నది. అంటే పల్సానా వంటి పంచాయతీల మనిషి, సూరత్ కార్పొరేటర్ పక్కన కూర్చుని, రైలు ఎక్కడ ఆగాలో చెప్పవలసిన బల్ల ఒకటి రాజ్యాంగంలో వేసి ఉన్నది. ఆ బల్ల చుట్టూ ఆ విధంగా కూర్చుని ఒక మార్గం నిర్ణయించిన మహానగరం పేరు చెప్పమంటే ఈ రచయిత చెప్పలేడు. హైదరాబాదులో ఏకీకృత రవాణా సంస్థకు 2008లోనే చట్టం చేశారు గదా అని ఎవరైనా గుర్తుచేయవచ్చు. చేశారు. బస్సు, ఎం.ఎం.టి.ఎస్., మెట్రో మూడూ ఎవరి దారిన అవి నడిచినవి.

పల్సానా ప్రాంతం ఢిల్లీ పత్రికలకు ఎక్కిన సందర్భం ఒకటి ఉన్నది. 2020 మే 4న, లాక్ డౌన్ నాళ్లలో, కడోదరా దగ్గర వరేలీలో వలస కార్మికులు వందలాదిగా రోడ్డుమీదికి వచ్చారు. తమ ఊళ్లకు పంపండని వారి కోరిక. రాళ్లు లేచాయి, బాష్పవాయువు లేచింది. ఆనాడు వారు అడిగింది కూడ బస్సు, రైలు.

బుల్లెట్ రైలు మాత్రం ఈ వైపుకు వస్తున్నది. 2017 సెప్టెంబరులో పునాది వేసిన ముంబయి-అహమ్మదాబాదు అతివేగ మార్గానికి సూరత్ స్టేషన్ ను నగరం నడుమ కాక, తూర్పున అంత్రోలీ గ్రామం వద్ద నిర్మించారు. మిల్లుల ప్రాంతానికి అది దగ్గర. ఆ స్టేషన్ నుంచి నగరంలోకి పోవడానికి మంచి మార్గాలు వేయక తప్పదు. బుల్లెట్ రైలు ప్రయాణికుడు షేర్ ఆటోలో పోడు గదా. ఆ పుణ్యాన మిల్లు కార్మికునికి కూడ ఒక బస్సు దొరికితే సంతోషమే.

ఇంతకన్న సులువైన మార్గం మరొకటి కళ్ల ఎదుటనే ఉన్నది. ఉధ్నా నుంచి జల్ గాం పోయే తాపీ లోయ రైలు మార్గం చల్తాన్, గంగాధరా స్టేషన్ల మీదుగా, సరిగా ఈ మిల్లుల పక్కనుంచే బార్డోలీ వైపు పోతుంది. ఉధ్నా స్టేషన్ లింబాయత్ కు పొరుగు. ఆ మార్గాన్ని కొన్నేళ్ల కిందట జంట మార్గంగా మార్చారు కూడ. మన వరంగల్లుకు వచ్చే నవజీవన్ ఎక్స్ ప్రెస్ ఆ పట్టాలమీదనే పోతుంది. షిఫ్టు వేళలకు ఉధ్నా-బార్డోలీ మధ్య లోకల్ రైళ్లు తరచుగా నడిపి, చల్తాన్, గంగాధరాల నుంచి మిల్లులకు నగర బస్సులు కలిపి, రెంటికీ ఒకే టిక్కెట్టు పెడితే ఒక్క స్తంభం లేపనక్కరలేదు. హైదరాబాదు ఎం.ఎం.టి.ఎస్. ఇటువంటిదే. 2003లో ఉన్న పట్టాలమీద సుమారు 180 కోట్ల ఖర్చుతో ఆరంభించారు. రైల్వే, రాష్ట్రం వాటాల తగవులో దాని రెండవ దశ ఏళ్లకేళ్లు నలిగిన మాట నిజమే. సరకు రైళ్ల ఒత్తిడి ఉన్న మార్గంలో లోకల్ రైళ్లకు వేళలు ఇవ్వడం రైల్వేకు ఇష్టముండదు. అయినా అది చర్చించవలసిన కష్టం. చర్చించకుండా వదిలివేయవలసిన ఆలోచన కాదు.

బస్సు మార్గాలను నవ్వులపాలు చేసిన పాపంలో ఢిల్లీకి పెద్ద వాటా ఉన్నదని ఒప్పుకోవాలి. 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్ చంద్ వరకు 5.8 కిలోమీటర్ల ప్రత్యేక మార్గం తెరిచిన నాటినుంచి కారు యజమానులు దానిమీద యుద్ధం ప్రకటించారు. వారిలో పత్రికా సంపాదకులు, న్యాయవాదులు, అధికారులు ఉన్నారు. బస్సులో ఉన్నవారికి వ్యాసాలు వ్రాసే తీరిక లేదు. కోర్టుకు పోతే 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గాన్ని నిలబెట్టింది. అయినా 2015లో ప్రభుత్వం దానిని తొలగించడానికి నిర్ణయించింది. ఆ మార్గంలో లోపాలు లేకపోలేదు. కూడళ్ల వద్ద సిగ్నళ్లు గందరగోళం చేసిన మాట నిజం. కాని సిగ్నలు బాగుచేయడానికి బదులు దారినే తవ్విపారేశారు. ఆ దారిన రోజూ కారులో పోయినవారిలో ఈ రచయిత కూడ ఒకడు. ఆ రోజులలో విసుక్కున్న మాట దాచడం దేనికి?

మన రాష్ట్రం సంగతి వేరుగా ఉన్నదా? అదే పట్టణ నవీకరణ పథకం కింద విశాఖపట్టణానికి సుమారు 450 కోట్లు, విజయవాడకు సుమారు 150 కోట్లు బస్సు మార్గాలకు మంజూరైనవి. విశాఖలో పెందుర్తి, సింహాచలం మార్గాలు వెడల్పయ్యాయి గాని, సూరత్ లో వలె నిరాటంకంగా బస్సు పరుగెత్తే వ్యవస్థ ఏర్పడలేదు. విజయవాడలో సత్యనారాయణపురం మీదుగా వేసిన రోడ్డుకు బి.ఆర్.టి.ఎస్. రోడ్డు అని పేరు స్థిరపడింది. ఆ అక్షరాలలో మొదటిది బస్సని అక్కడ పెరుగుతున్న పిల్లలకు ఎవరు చెప్పాలి?

ఆ లోపల మెట్రో ఆశ వచ్చింది. విశాఖకు, విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతానికి మెట్రో సాధ్యాసాధ్యాలను ఏడాదిలోగా పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలని 2014 పునర్విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో వ్రాశారు. పార్లమెంటులో ఆ చట్టం ఏ పరిస్థితులలో నెగ్గిందో ప్రెస్ గ్యాలరీనుంచి చూచినవారమే. ఏడాది గడువు దశాబ్దమైంది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదటి దశలుగా విశాఖకు 46.23 కిలోమీటర్ల, విజయవాడకు 38.4 కిలోమీటర్ల ప్రతిపాదనలను ఆమోదించింది. రెంటికీ కలిపి అంచనా 22,000 కోట్లకు పైమాట.

విశాఖ పటాన్ని తెరిచి చూస్తే సూరత్ పటమే మళ్లీ కనబడుతుంది. ముఖ్య మార్గం కొమ్మాది నుంచి ఉక్కు కర్మాగారం వరకు. ఔషధ పరిశ్రమలున్న పరవాడ, వేలాది ఆడపిల్లలు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు, రసాయన కర్మాగారాలు ఉన్న అచ్యుతాపురం దానికి ఆవల ఉన్నవి. తెల్లవారకముందే కంపెనీ బస్సులు పల్లెలు తిరిగి ఆ ఆడపిల్లలను ఎక్కించుకుపోతాయి. కంపెనీ బస్సు ఎక్కే మనిషి కంపెనీ మారాలంటే ముందు బస్సును వదులుకోవాలి. పల్సానా మేస్త్రీ గదికి, ఈ బస్సుకు ఉన్న పోలిక పాఠకులు గమనించగలరు. సూరత్ కు తాపీ లోయ మార్గం ఉన్నట్లే విశాఖకు దువ్వాడ, అనకాపల్లి మీదుగా పోయే పట్టాలు ఉన్నవి. వాటిని వాడుకోవచ్చునా, ఆ పట్టాల నుంచి అచ్యుతాపురానికి ప్రత్యేక బస్సు మార్గం వేయవచ్చునా, మెట్రోకు బదులు కొన్ని చోట్ల లైట్ రైలు సరిపోతుందా అన్న పోలిక 2017 విధానం ప్రకారం జరిగి తీరాలి. జరిగితే ఆ పత్రాన్ని సభలో ఉంచమని మన సభ్యులు కోరవచ్చు. చాలా నగరాలలో మెట్రోకు అనుకున్నంతమంది ప్రయాణికులు రావడం లేదని 2022లో పార్లమెంటు స్థాయీసంఘమే ఎత్తిచూపింది. స్టేషన్ దాకా మనిషిని చేర్చే ఏర్పాటు మీద దృష్టి పెట్టమని కూడ సలహా ఇచ్చింది. ఆ సంఘంలో అన్ని పార్టీలవారూ ఉన్నారు గనుక దీనిని ప్రతిపక్షాల ఏడుపుగా కొట్టివేయడానికి వీలులేదు.

లింబాయత్ పెద్దమనిషి కుమారుడు పల్సానా మిల్లులోనే పని. ఆ సాయంత్రం అతడు ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. కడోదరా కూడలి వద్ద ఆటో నిండేవరకు కదలలేదట. పిల్లవాడు అప్పటికే నిద్రపోయాడు. తెలుగు వాచకం పక్కమీదనే తెరిచి ఉన్నది.